సగం చాలు

“తువ్వాలు అలా విసిరేస్తారంట్రా ఎవరన్నా? మెల్లిగా పరవాలి. మళ్లీ మొదట్నించీ చెప్పు,” అన్నాడు మా మావయ్య వీరాస్వామి.

గంగరాజు వంగి తువ్వాలు తీసి దులిపాడు. సాయంత్రం కళ్లాపి చల్లిన వాకిట్లో దాన్ని మళ్లీ పరిచాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అయ్యా, నా తప్పు పెద్దది. పెద్ద శిక్షే వెయ్యండి.”

“గొంతు పెగలాలి. వెనకాల కూర్చున్నవాడికి కూడా వినపడాలి.”

“అయ్యా! నా తప్పు పెద్దది!”

నాకు ఒళ్లు మండిపోయింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే అలాగే వదిలేసి, చేతిలో తెడ్డుతోనే వాకిట్లోకొచ్చాను.

“ఏంటి మావయ్యా ఈ భాగోతం? నన్ను మూడేళ్లు జైల్లో వెయ్యండని అడగమని మీరే నేర్పుతున్నారా కన్నకొడుక్కి?”

“నీకు తెలీదు. నువ్వు లోపలికెళ్లు.”

“నాకు తెలీదా? పొద్దున కోర్టు అరుగు మీద ప్లీడరుగారు చెప్పింది మీ చెవికెక్కలేదా, లేకపోతే చెవుల్లో సీసం పోసుకున్నారా?”

మావగారితో అనే మాటేనా అది! అన్నాను మరి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఎనభై ఆరులో నా నోరు అలాగే ఉండేది. ‘నీ నోటికి తట్టుకునే మొగుడు ఎక్కడ పుట్టాడో’ అనేది మా అమ్మ. పుట్టినవాడు ఈ గంగరాజు. పదిమందిలో ఉంటే ఉన్నాడో లేడో తెలీని మనిషి. అలాంటివాడి చేతిలో మామిడికాయలు కోసే దోటి లేచింది, మా పేట సాంబయ్య ఎడమ కన్ను పోయింది.

రెండేళ్లు నడిచింది కేసు. ఆ పొద్దున నూజివీడు కోర్టులో మేజిస్ట్రేటుగారు నేరం రుజువైందన్నారు. శిక్ష ఎంతో రేపు చెబుతాం, ముందు ముద్దాయి చెప్పుకునేది వినాలి అన్నారు. పాత జామీను మీదే ఆ ఒక్క రాత్రికీ ఇంటికి పంపారు.

ప్లీడరు నారాయణరావుగారు మమ్మల్ని అరుగు మీదికి పిలిచి, వక్కపొడి నోట్లో వేసుకుని, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పారు.

“చూడమ్మా రాజ్యలక్ష్మీ. దోటి మారణాయుధం అని పోలీసులు రాశారు. కాదు, కాయలు కోసుకునే కర్ర అని నేను వాదించాను. దొరగారు విన్నారు. పెద్ద సెక్షను పోయి చిన్న సెక్షను మిగిలింది. ఈ కోర్టు మూడేళ్లకి మించి వెయ్యలేదు. అసలు వెయ్యకుండా, మంచి నడవడికగా ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపే చట్టం కూడా ఉంది. మొదటి నేరం కదా, ఇవ్వచ్చు.”

“ఇస్తారాండీ?” అన్నాను.

“అది వీడి నోట్లో ఉంది. ఏమోయ్ గంగరాజూ, రేపు దొరగారు నిన్నే అడుగుతారు, శిక్ష గురించి చెప్పుకునేది ఉందా అని. అడిగి తీరాలి, అది రూలు. దణ్ణం పెట్టి, పిల్లలు చిన్నవాళ్లండి, తండ్రి ముసలివాడండి, దయ చూపించండి అను. అంతకుమించి ఒక్క ముక్క మాట్లాడకు.”

గంగరాజు డూడూ బసవన్నలా తలూపాడు. ఇంటికొచ్చాక జరిగింది ఈ తువ్వాలు పంచాయితీ.

“ప్లీడరుకేం తెలుసే శిక్ష ఎలా అడగాలో?” అన్నాడు మావయ్య, నులకమంచం మీద సర్దుకుని కూర్చుంటూ. “మీసం మొలిచిన కాడ్నించీ తీర్పులు చెప్పినవాణ్ణి నేను. తగ్గించమని అడిగినవాణ్ణి చూస్తే పెద్దమనిషికి ఎలా ఉంటుందో తెలుసా? వీడు చేసిందానికి ఏడవటంలేదు, పడబోయేదానికి ఏడుస్తున్నాడు అనిపిస్తుంది.”

అది మా పేట పద్ధతి. తప్పు చేసినవాడు కులపెద్దల ముందు తువ్వాలు పరిచి, పెద్ద శిక్షే కావాలని అడగాలి. తక్కువ అడిగాడో, బేరమాడుతున్నాడని ఇంకొంచెం కలిపేవాళ్లు. పెద్దలు పెద్ద శిక్షే చెప్పేవాళ్లు. అప్పుడు దెబ్బతిన్నవాడు లేచి, ఆ తువ్వాలు తీసి, కొట్టినవాడి భుజాన వేసి ‘సగం చాలు’ అనేవాడు. దాంతో శిక్ష సగమయ్యేది. ఆ మాట పెద్దలు అనడానికి లేదు. దెబ్బతిన్నవాడే అనాలి.

“మా పెదనాన్న కొడుకు ఒకడి కాలు విరగ్గొట్టాడు,” అన్నాడు మావయ్య. ఆ కథ మొదలెడితే ఆయన మొహంలోకి వయసు వెనక్కి వచ్చేది. “కాలు అతుక్కునేదాకా వాడి చేలో పని వీడే చెయ్యాలన్నాం. సగం చాలన్నాడు కాలు విరిగినవాడు. వీడు మానాడా? పొద్దున తన చేను, సాయంత్రం వాడి చేను... నడుం పడిపోయేలా చేశాడు. మంచం మీదున్నవాడికి కల్లు కూడా వీడే మోసుకెళ్లేవాడు. చివరికి వియ్యంకులయ్యారు ఇద్దరూ! మీ జైలు ఎవరెవరికి వియ్యం కలిపిందో చెప్పు చూద్దాం.”

నా చిన్నప్పుడు నేనూ చూశాను ఆ పంచాయితీలు. పెట్రొమాక్సు లైటు బుస్సుమంటుంటే, ఆడవాళ్లం గోడ పక్కన గుంపుగా కూర్చునేవాళ్లం. ‘సగం చాలు’ అన్న మాట పడగానే అందరం ఒక్కసారి గాలి పీల్చుకునేవాళ్లం. ఆ తర్వాత కొట్టినవాడూ తిన్నవాడూ పక్కపక్కన విస్తళ్లు వేసుకుని కూర్చునేవాళ్లు. కానీ ఆ సాయంత్రం నాకు కావలసింది పాత రోజులు కాదు, నా మొగుడు.

“అది పేట మావయ్యా, ఇది కోర్టు. పెద్ద శిక్ష అడిగితే దొరగారు అలాగే కానిమ్మంటారు. అక్కడ సాంబయ్యని లేచి మాట్లాడమనేది ఎవరు?”

“ఎవరూ అనక్కర్లా. వాడూ మనవాడే. వాడికి తెలుసు.”

“తెలిసినంత మాత్రాన అంటాడా?”

“సగం చాలు అననివాడు ఈ పేటలో ఇంతవరకూ పుట్టలేదే.”

ఇంక ఆయనతో లాభంలేదని మొగుడి వైపు తిరిగాను. “నువ్వేం చెప్తావయ్యా రేపు? ఇంట్లో మీ నాన్న చెప్పిందానికి తలూపి, అక్కడ ప్లీడరు చెప్పిందానికి తలూపితే కుదరదు. నోరు తెరువు.”

గంగరాజు చాలాసేపు తువ్వాలు మడతలు పెడుతూ కూర్చున్నాడు.

“నాకు సిగ్గేస్తోందే రాజ్యం,” అన్నాడు చివరికి. “కన్ను పోయినోడు ఆ బల్ల మీద కూర్చుని ఉంటే, నాకు పిల్లలున్నారు వదిలెయ్యండి అని ఎలా అననే? వాడికి మాత్రం లేరా?”

మావయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. లోపల అన్నం అడుగంటిన వాసన వచ్చింది. ఎవరం కదల్లేదు.

అసలు మా రెండిళ్లూ ఎలా ఉండేవో తెలిసినవాళ్లెవరైనా ఈ కేసు సంగతి వింటే నమ్మరు. సాంబయ్య మా ఆయన్ని బావా అనేవాడు, మా ఆయనా వాణ్ణి బావా అనేవాడు. ఎవరికి ఎవరు బావో లెక్క తేల్చినవాళ్లు లేరు. వాళ్లావిడ సీతమ్మ నాకు వదిన. మామిడి కోతల రోజుల్లో నలుగురం కలిసే వెళ్లేవాళ్లం, ఒకసారి మైలవరం వైపు, ఒకసారి బాపులపాడు వైపు. మగవాళ్లు దోటితో కొక్కెం తగిలించి రసాలు దించుతుంటే, ఆడవాళ్లం సొన తుడిచి, గడ్డి పరిచి బుట్టలకెత్తేవాళ్లం. సొన పడి చేతులు పొక్కిపోయేవి. నవ్వీ నవ్వీ పక్కలు నొప్పెట్టేవి. పని ముగిసిన రోజు లారీ వెనకెక్కి హనుమాన్ జంక్షన్ వెళ్లి, వేడివేడి బజ్జీలు తినేవాళ్లం. ఆ బజ్జీల రుచి మళ్లీ ఎక్కడా తగల్లేదు నాకు.

దానికి రెండేళ్ల ముందు కోతల్లో, మధ్యాహ్నం కల్లు తాగి కూర్చున్నప్పుడు సాంబయ్య ఏదో వేళాకోళంగా అన్నాడు: ‘మీ నాన్న మనిషిని బట్టి తీర్పు చెప్తాడు బావా’ అని. వాడి నోరే అంత. రోజూ అనేవాడే. కానీ ఆ రోజు గంగరాజు లేచాడు, చేతిలో దోటి ఉంది. బెజవాడ ఆస్పత్రివాళ్లు పోలీసులకి కబురు చెయ్యకుండా ఉంటే అది మా వాకిట్లోనే తేలిపోయేది. చేశారు. అక్కణ్ణించి అది మాది కాకుండా పోయింది.

చీర కొంగు దోపుకుని సీతమ్మ ఇంటికి బయల్దేరాను. “ఎక్కడికే?” అన్నాడు మావయ్య.

సీతమ్మ గుమ్మంలో కూర్చుని ముంజేతులకి అంటిన సొన కిరసనాయిలుతో తుడుచుకుంటోంది. నన్ను చూసి గుడ్డ పక్కన పెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. రెండేళ్లయింది మేం ఎదురుపడి మాట్లాడుకుని.

లోపల సాంబయ్య దూలానికి తాడు కట్టుకుని చిక్కం అల్లుతున్నాడు. కాయ కిందపడకుండా దోటి చివర కట్టే వల అది. ఒక్క కంటితో కాయ ఎంత దూరంలో ఉందో అందదట, అందుకే కోతకి పోవడం మానేసి ఎవరెవరికో చిక్కాలు అల్లి ఇస్తున్నాడు. వేళ్లు తడుముకుంటూ ముడులేస్తున్నాయి.

“చెల్లెమ్మా, కూర్చో,” అన్నాడు, అల్లిక ఆపకుండానే.

నేను నిలబడే ఉన్నాను. “అన్నయ్యా, రేపు మీ బావ కోర్టులో తువ్వాలు పరుస్తాడంట. మావయ్య నేర్పుతున్నాడు. పెద్ద శిక్ష అడుగుతాడంట.”

సాంబయ్య వేళ్లు ఆగాయి.

“ప్లీడరుగారు వద్దన్నారు. నా మాట ఇద్దరూ వినట్లేదు. నువ్వు లేచి ఆ మాట అంటావో లేదో చెప్పన్నయ్యా. అనను అంటే ఇవాళే మా ఆయన కాళ్లు పట్టుకుని మానిపిస్తాను.”

“ఎందుకనాలి?” అంది సీతమ్మ గుమ్మంలోంచే. “ఈ రెండేళ్లలో మీ ఆయన ఈ గుమ్మం తొక్కాడా?”

“జామీను ఇచ్చేటప్పుడే చెప్పారు వదినా, సాక్షుల జోలికి పోకూడదని. పోతే లోపలేస్తామన్నారు.”

“మరి నువ్వొచ్చావేం?”

“నన్ను పోవద్దని ఎవరూ అనలేదు.”

సీతమ్మ నవ్వినట్టే నవ్వి, ఆపుకుంది. “నీ నోరు మారలేదే,” అంది. ఆ మాటకి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. కానీ ఆవిడ వెంటనే గొంతు గట్టిపరుచుకుంది. “కోర్టు వద్దంది, మా ఇంటికి రావడం మానేశాడు. కట్టు విప్పిన రోజు ఈయన గోడకి గుద్దుకుని పడితే లేపడానికి రాలేదు. రేపు కోర్టు పొమ్మంటే జైలుకి పోతాడు. అన్నీ కోర్టు చెప్పినట్టేగా? మధ్యలో మేమెందుకే మీకు?”

“నువ్వుండవే,” అన్నాడు సాంబయ్య. కాసేపటికి నన్నడిగాడు, “బావకి నిద్ర పడుతోందా?”

“లేదన్నయ్యా.”

“నాకూ పట్టట్లేదు.”

అంతే అన్నాడు. మళ్లీ తాడు అందుకున్నాడు. అవునని గానీ కాదని గానీ చెప్పకుండా ముడి మీద ముడి వేసుకుంటూ పోయాడు. నేను అలాగే ఇంటికొచ్చాను.

మర్నాడు కోర్టు హాలంతా మా పేటే. మేజిస్ట్రేటుగారు కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు. చిన్న వయసే. మనిషి నెమ్మది.

“గంగరాజూ, నీ మీద నేరం రుజువైంది. శిక్ష విషయంలో నువ్వు చెప్పుకునేది ఏమన్నా ఉందా?”

నారాయణరావుగారు ఊఁ అన్నట్టు సైగ చేశారు. గంగరాజు దణ్ణం పెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. ఆ దణ్ణం పెట్టిన చేతులే భుజం మీదికి పోయాయి. బోను ముందు వంగి, సిమెంటు నేల మీద తువ్వాలు పరిచాడు. మెల్లిగా, వాళ్ల నాన్న నేర్పినట్టే.

“అయ్యా, నా తప్పు పెద్దది. పెద్ద శిక్షే వెయ్యండి.”

గొంతు పెగిలింది. వెనక గోడ దాకా వినపడింది.

“ఏయ్, ఏంటది? తియ్యి!” అని బంట్రోతు ముందుకొచ్చాడు. మేజిస్ట్రేటుగారు చెయ్యెత్తి ఆపారు. ప్లీడరుగారు మొహం తుడుచుకుంటూ లేచారు. “చదువు లేనివాడు సార్, ఏం మాట్లాడుతున్నాడో వాడికే...”

“తెలిసే అన్నానండీ,” అన్నాడు గంగరాజు.

మేజిస్ట్రేటుగారి చూపు తువ్వాలు మీదే ఉంది. అదేమిటో ఎవరన్నా చెప్పండి అన్నారు. మా మావయ్య వెనకనించి లేచి, మా పద్ధతంతా చెప్పాడు. మధ్యలో ఎవరూ ఆపలేదు. అంతా విన్నాక మేజిస్ట్రేటుగారు తల అడ్డంగా ఊపారు.

“పెద్దాయనా, మీ పేటలో అది మంచి పద్ధతే కావచ్చు. ఇక్కడ కేసు సాంబయ్యకీ గంగరాజుకీ మధ్య కాదు, ప్రభుత్వానికీ గంగరాజుకీ మధ్య. ఒకరు సగం అంటే సగం తగ్గదు.” కళ్లజోడు సర్దుకున్నారు. “కానీ శిక్ష వేసే ముందు దెబ్బతిన్న మనిషి మనసులో ఏముందో వినడం తప్పు కాదు. సాంబయ్య వచ్చాడా?”

హాల్లో అందరి తలలూ ఒక్కవైపే తిరిగాయి. బల్ల చివర సీతమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని ఉంది. వదిలింది.

సాంబయ్య లేచాడు. బల్లల మధ్యనించి మెల్లిగా నడిచి వచ్చాడు. తువ్వాలు దగ్గరికి వచ్చి ఆగాడు. వంగాడు. నేను చూశాను, వంగాడు, చెయ్యి చాపాడు. ‘పుట్టలేదన్నానా!’ అన్నట్టు మావయ్య నా వైపు చూశాడు.

సాంబయ్య చెయ్యి తువ్వాలుకి ఇవతలే పడింది. ఉత్త సిమెంటు మీద వేళ్లు మూసుకున్నాయి. మళ్లీ చాపాడు. ఈసారి పక్కకి పోయింది. వెనక ఎవరో కుర్రాడు కిసుక్కుమన్నాడు.

గంగరాజు ఆ చేతినే చూస్తున్నాడు. సాక్ష్యం చెప్పిన రోజు కూడా తలెత్తి వాణ్ణి చూడలేదు ఈయన. ఇప్పుడు చూశాడు. “బావా...” అన్నాడు. అని, తువ్వాలు తీసి వాడి చేతికి అందించబోయాడు.

సాంబయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నిటారుగా నిలబడ్డాడు. మేజిస్ట్రేటుగారి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

“అయ్యా, మా బావ ఏం అడిగాడో అదే ఇప్పించండి.”

మావయ్య నిలబడ్డచోటే కూలబడ్డాడు. మేజిస్ట్రేటుగారు కాగితం ముందుకు లాక్కుని రాయడం మొదలుపెట్టారు.